తగువు దగ్గర మొదలుపెట్టండి: బ్రిటన్, అమెరికాలను చెన్నైలో కూర్చుని చదువుకోవడం ఎలా

అన్నానగర్‌లో రూమ్ తీసుకుని సివిల్స్‌కి చదివే నెల్లూరు, చిత్తూరు పిల్లలు, దూరవిద్యలో ఎమ్మే ఇంగ్లిష్ కట్టి బ్రిటన్ సాంఘిక చరిత్ర పేపర్ దగ్గర ఆగిపోయినవాళ్లు, అమెరికా కాలేజీ పంపే ఐ-20 ప్రవేశ పత్రం చేతికొచ్చి వీసా ఇంటర్వ్యూ డేట్ కోసం చూస్తున్నవాళ్లు, ఈ మూడు రకాలవాళ్లూ నన్ను అడిగేది ఒకటే: "ఆ రెండు దేశాల సంగతి ఎక్కడ మొదలుపెట్టాలి?" చాలామంది రాజుల జాబితాతోనో అధ్యక్షుల జాబితాతోనో మొదలుపెడతారు. నాలుగు రోజులు బట్టీ పడతారు, అయిదో రోజు హెన్రీలూ జార్జిలూ కలగాపులగమైపోతారు, ఆరో రోజు పుస్తకం మూసేస్తారు. అలా వద్దు.

పార్లమెంటైనా, సెనేటైనా, సుప్రీంకోర్టైనా, జిల్లా స్కూల్ బోర్డైనా ఊరికే పుట్టలేదు. ఎవరో ఇద్దరు కొట్టుకున్నారు, చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు, ఆ ఒప్పందానికే ఒక పేరు పెట్టారు. పేరు కాదు, ముందు ఆ తగువు పట్టుకోండి. మన ఊళ్లో గట్టు తగాదా ఎప్పుడు మొదలైందో, ఎవరు తీర్పు చెప్పారో తెలిస్తే ఆ గట్టు అక్కడే వంకరగా ఎందుకు తిరిగిందో ఒకరు చెప్పక్కర్లేదు కదా, ఇదీ అంతే. ఆ రెండు దేశాల్లోనూ పెద్ద తగువుల్లో సగం పన్ను దగ్గరే మొదలయ్యాయి.

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. తెరిచినప్పుడు ఎడమ పేజీ బ్రిటన్‌ది, కుడి పేజీ అమెరికాది, రెండింటికీ అడుగున నాలుగు లైన్లు మనకి. ఒక్కో పేజీ పైన ఒక్కో ప్రశ్న రాయండి: పన్ను వేసేది ఎవరు? పదవిలో ఉన్నవాణ్ని దింపేది ఎవరు? చట్టం చెల్లదని చెప్పగలిగేది ఎవరు? ఓటు ఎవరికి, ఎప్పుడు వచ్చింది? బడికి డబ్బు ఎవరిస్తారు? మొదటివారం ఈ అయిదు చాలు. ఏం చదివినా ఆ ప్రశ్నల్లో దేనికి జవాబో చూసి ఆ పేజీలో రాసుకోండి. జవాబు కానిదాన్ని ప్రస్తుతానికి వదిలేయండి, రాజుగారి ఆరుగురు భార్యల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక మొదటి ఆదివారం పుస్తకం తియ్యకండి. బీచ్ వైపు వెళ్లే లోకల్ ఎక్కి ఫోర్ట్ స్టేషన్‌లో దిగి సెయింట్ జార్జి కోటకి వెళ్లండి. గుర్తింపు కార్డు పెట్టుకోండి, మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆదివారం పొద్దున చర్చిలో ప్రార్థన ఉంటుంది కాబట్టి కాస్త ఆగి లోపలికి వెళ్లండి. చెన్నైలో ఉండి ఈ కోట చూడకుండా బ్రిటన్ చరిత్ర చదవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఈ నేలని 1639లో ఇంగ్లిష్ కంపెనీకి ఇచ్చింది మన దామెర్ల నాయకులు, వాళ్ల తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం.

కోటలో సెయింట్ మేరీస్ చర్చి ఉంది, 1680లో కట్టడం పూర్తయింది. దాని చుట్టూ నేలంతా సమాధి పలకలే పరిచి ఉంటాయి, లాటిన్‌వి, పోర్చుగీసువి, ఇంగ్లిష్‌వి, అరిగిన అక్షరాల మీద నడుచుకుంటూ లోపలికి వెళ్లాలి. ఇవి మొదట వేరే శ్మశానంలో ఉండేవి. 1758లో ఫ్రెంచివాళ్లు ముట్టడించినప్పుడు ఆ సమాధుల చాటునే నక్కి కోట మీద కాల్పులు జరిపారని తర్వాత వాటిని పీకించి ఇక్కడికి తెచ్చారు. ఈ చర్చి కట్టిన ఏడాదే ఇందులో పెళ్లి చేసుకున్న మనిషి ఎలిహు యేల్. అవును, అమెరికాలో యేల్ యూనివర్సిటీకి ఉన్నది ఆయన పేరే. ఆయన పుట్టింది 1649లో బోస్టన్‌లో. అదే 1649 జనవరిలో లండన్‌లో ఏం జరిగిందో ఎడమ పేజీలో రాయండి: పార్లమెంటు వాళ్లు తమ రాజు మొదటి చార్లెస్ తల నరికారు.

ఎందుకు నరికారో తెలిస్తే బ్రిటిష్ ప్రభుత్వం సగం అర్థమైనట్టే. 1215లో జాన్ రాజు మీద ప్రభువులు తిరగబడి రన్నీమీడ్‌లో మాగ్నా కార్టా మీద ముద్ర వేయించుకున్నారు. మా ఒప్పుదల లేకుండా మామూలుగా లేని వసూళ్లు చెయ్యకూడదు, చట్టప్రకారం తీర్పు లేకుండా స్వతంత్రుడైనవాణ్ని జైల్లో పెట్టకూడదు అని. అది సామాన్యుల కోసం రాసింది కాదు, పెద్దల కోసం పెద్దలు రాయించుకున్నది, ఆ సంగతి మర్చిపోవద్దు. కానీ "ఒప్పుదల లేకుండా డబ్బు లేదు" అనే మాట అక్కడ పాతుకుంది. నాలుగు వందల ఏళ్ల తర్వాత చార్లెస్ 1629 నుంచి 1640 దాకా పదకొండేళ్లు పార్లమెంటునే పిలవకుండా పాలించాడు. యుద్ధ సమయంలో తీరప్రాంతం దగ్గర ఓడల కోసం తీసుకునే పన్నుని శాంతి సమయంలో, సముద్రం మొహం చూడని ఊళ్ల మీద కూడా వేశాడు. 1642లో అంతర్యుద్ధం మొదలైంది, 1649లో రాజు పోయాడు, పార్లమెంటు సేనాపతి క్రాంవెల్ వచ్చాడు, అదీ నచ్చక 1660లో చార్లెస్ కొడుకుని పిలిచి మళ్లీ రాజుని చేసుకున్నారు.

మళ్లీ కోటకి రండి. 1687లో యేల్ మద్రాసు గవర్నరయ్యాడు. ఆ ఏడాది చివర్లో రెండో జేమ్స్ రాజు అనుమతితో కంపెనీ ఇచ్చిన చార్టర్ ప్రకారం 1688 సెప్టెంబరులో మద్రాసు కార్పొరేషన్ మొదలైంది. ఇప్పుడు మీరు ఇంటిపన్ను కట్టే కార్పొరేషన్ మూలం అదే. మొదటి మేయర్ నథానియెల్ హిగ్గిన్‌సన్, ఆయన అమెరికాలోని కనెక్టికట్‌లో పుట్టి హార్వర్డ్‌లో చదివినవాడు. అదే 1688 చివర్లో ఆ రెండో జేమ్స్ దేశం వదిలి పారిపోయాడు, కూతురు మేరీ, అల్లుడు విలియం గద్దెక్కారు. 1689లో హక్కుల బిల్లు: పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను లేదు, అది ఒప్పుకోకుండా శాంతి సమయంలో సైన్యం పెట్టుకోవడానికీ లేదు, సభలో మాట్లాడినదానికి బయట శిక్ష లేదు. 1215లో మొదలైన తగువు 1689లో తీరింది. ఎడమ పేజీలో ఈ రెండు సంవత్సరాల మధ్య ఒక గీత గీయండి, మిగతావన్నీ దాని మీద గుచ్చుకుంటూ పోవచ్చు.

దాని తర్వాతవన్నీ మెల్లగా జరిగినవే. వాళ్లకి మనలా ఒకే పుస్తకంగా రాసిన రాజ్యాంగం లేదు. చట్టాలు, తీర్పులు, ఆనవాయితీలు కలిపి రాజ్యాంగం అంటారు. 1721 నుంచి అధికారం నడిపిన రాబర్ట్ వాల్పోల్‌ని మొదటి ప్రధాని అంటారుగానీ ఆ పదవి ఫలానా రోజు ఫలానా చట్టంతో పుట్టలేదు. పార్లమెంటు బిల్లుకి సింహాసనం మీదున్నవాళ్లు ఒప్పుకోనన్న చివరి సందర్భం 1708, ఆన్ రాణి కాలం. అప్పటినుంచి ఎవరూ కాదనలేదు. కాదనే అధికారం ఎక్కడా రద్దు కాలేదు, వాడుకలో చచ్చిపోయింది. బ్రిటన్‌లో చాలా సంగతులు ఇంతే, పుస్తకంలో వెతికితే దొరకవు.

పదవిలోంచి దింపే ప్రశ్నకి ఎడమ పేజీలో నేను రాయించే ఉదాహరణ ఇది. 1979 మార్చిలో ప్రధాని జేమ్స్ కాలహన్ మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. 311 మంది దించాలన్నారు, 310 మంది వద్దన్నారు. ఒక్క ఓటు. ఎన్నికలొచ్చాయి, మార్గరెట్ థాచర్ వచ్చింది. అడుగున మన నాలుగు లైన్లలో రాయండి: 1999 ఏప్రిల్, వాజ్‌పేయి, 269కి 270, అదే ఒక్క ఓటు. మన లోక్‌సభ ఎవరి దగ్గర నేర్చుకుందో ఇంతకన్నా బాగా ఏ పేరా చెప్పలేదు. అక్కడ ప్రజలు ఓటు వేసేది తమ నియోజకవర్గం సభ్యుడికి, ఆ 650 మందిలో ఎవరికి మెజారిటీ నిలిస్తే ఆయన ప్రధాని. అందుకే 2022లో సాధారణ ఎన్నికలే లేకుండా జాన్సన్, ట్రస్, సునాక్ ఒకరి తర్వాత ఒకరు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇది చూసి "ఇదేం ప్రజాస్వామ్యం" అని అడిగేవాళ్లుంటారు. మన దగ్గరా ముఖ్యమంత్రులు ఎన్నికలు లేకుండా మారిన సందర్భాలు గుర్తుచేసుకుంటే జవాబు దొరుకుతుంది.

ఎగువ సభ, అంటే లార్డ్స్ సభ సంగతి కూడా డబ్బు తగువే. 1909లో ఆర్థికమంత్రి లాయిడ్ జార్జి పెద్ద భూస్వాముల మీద పన్ను పెంచుతూ బడ్జెట్ తెచ్చాడు, ముసలివాళ్ల పింఛన్లకీ యుద్ధ నౌకలకీ డబ్బు కావాలి కదా. లార్డ్స్ సభ నిండా భూస్వాములే, కొట్టేశారు. రెండు ఎన్నికలయ్యాక 1911లో పార్లమెంట్ చట్టం వచ్చింది: డబ్బు బిల్లుని లార్డ్స్ ఆపకూడదు, వేరే బిల్లుల్ని రెండేళ్లు ఆలస్యం చెయ్యొచ్చంతే. 1949లో ఆ రెండేళ్లని ఒక ఏడాది చేశారు. మన రాజ్యసభ డబ్బు బిల్లుని 14 రోజుల్లో తిరిగి పంపెయ్యాలని మీరు పాలిటీలో చదివారు కదా, ఆ నియమానికి తాతముత్తాత 1911 చట్టమే.

ఓటు హక్కు గురించి సంవత్సరాలు రాసుకోక తప్పదు. 1832లో మధ్యతరగతి మగవాళ్లలో కొందరికి, 1867లో పట్నం కార్మికుల్లో చాలామందికి, 1884లో పల్లెల్లోకి, 1918లో మగవాళ్లందరికీ, 30 దాటిన ఆడవాళ్లలో చాలామందికి, 1928లో ఆడా మగా సమానంగా. మన లైన్లలో రాయాల్సిందొకటి ఉంది: ఆస్తి అర్హత ఉన్న మహిళలకు ఓటు ఇవ్వడానికి మద్రాసు శాసనమండలి 1921లోనే ఒప్పుకుంది.

కుడి పేజీకి వెళ్లేముందు కోట మ్యూజియంలోకి వెళ్లండి. అక్కడ కార్న్‌వాలిస్ పాలరాతి విగ్రహం ఉంది. చాలామంది దాని పక్కన ఫొటో దిగి వెళ్లిపోతారు. మీరు కిందకి వంగి పీఠం మీద చెక్కిన బొమ్మ చూడండి: టిప్పు సుల్తాన్ ఇద్దరు కొడుకుల్ని కార్న్‌వాలిస్‌కి తాకట్టుగా అప్పగిస్తున్న దృశ్యం, 1792 నాటిది. అంతకుముందు ఏడాదే ఆయన బెంగళూరు కోట పట్టుకున్నాడు. ఇంకో పదేళ్లు వెనక్కి వెళ్తే, 1781 అక్టోబరులో వర్జీనియాలోని యార్క్‌టౌన్‌లో జార్జి వాషింగ్టన్ సైన్యానికి లొంగిపోయినవాడూ ఈయనే. ఒంట్లో బాగోలేదని చెప్పి లొంగుబాటు దగ్గరికి తను రాకుండా కింది అధికారిని పంపాడు. అమెరికాని పోగొట్టుకున్న సేనాపతినే ఇండియాకి గవర్నర్ జనరల్‌గా 1786లో పంపారు. 1793లో బెంగాల్లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో మన ఉత్తర సర్కారుల్లోకి వచ్చింది, కోస్తాలో జమీందారీల కథ మీ తాతల దగ్గర విన్నారంటే ఆ దారం చివర ఈ విగ్రహం ఉంది. నేను పిల్లల్ని అక్కడ పావుగంట నిలబెడతాను. ఒకసారి కావలి నుంచి వచ్చిన అమ్మాయి ఆ పీఠం ముందే నేల మీద కూర్చుని నోట్‌బుక్‌లో మూడు ఊళ్ల పేర్లు రాసి బాణం గీసింది: యార్క్‌టౌన్, బెంగళూరు, విజయనగరం. ఆ పేజీ తర్వాత ఆమె మళ్లీ తిరగేసి చదవాల్సిన అవసరం రాలేదు.

అమెరికా వాళ్ల తగువు ఏంటంటే, 1689లో ఇంగ్లండ్ వాళ్లు ఏ హక్కు సంపాదించుకున్నారో అదే మాకూ కావాలన్నారు. లండన్ పార్లమెంటులో మా మనిషి ఒక్కడు లేడు, మా మీద పన్ను ఎలా వేస్తారు అని. 1773లో తెచ్చిన టీ చట్టం అప్పుల్లో మునిగిన ఈస్టిండియా కంపెనీని ఆదుకోవడానికి. గోదాముల్లో పేరుకున్న టీని నేరుగా అమెరికాలో అమ్ముకోనిచ్చింది. ధర తగ్గింది, పన్ను మాత్రం ఉంది. ధర తగ్గితే సంతోషించకుండా ఎందుకు కోపం వచ్చిందని అడుగుతారు పిల్లలు. చవగ్గా కొంటే పన్ను ఒప్పుకున్నట్టే అవుతుందని, అదీ గాక ఊళ్లో వ్యాపారులు మునుగుతారని. ఆ డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెలు నీళ్లలో కలిపారు. మీరు నిలబడ్డ కోటని కట్టిన కంపెనీ టీయే అది.

1776 జులై 4 స్వాతంత్ర్య ప్రకటన అందరికీ తెలుసు. చదవాల్సింది 1787. ఫిలడెల్ఫియాలో కూర్చుని రాజ్యాంగం రాస్తున్నప్పుడు జరిగిన తగువులే ఇప్పటికీ వార్తల్లో కనిపిస్తాయి. జనం ఎక్కువ ఉన్న రాష్ట్రాలు జనాభాని బట్టి సీట్లు కావాలన్నాయి, చిన్న రాష్ట్రాలు అందరికీ సమానంగా అన్నాయి. రెండూ ఇచ్చారు: ప్రతినిధుల సభ జనాభాని బట్టి, ఇప్పుడు 435 మంది, రెండేళ్లకి ఎన్నిక, సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు, ఇప్పుడు 100 మంది, ఆరేళ్లకి. బానిసల్ని జనాభా లెక్కలో కలపాలా వద్దా అని ఇంకో తగువు, అయిదింట మూడు వంతులుగా లెక్కించాలని సిగ్గుమాలిన ఒప్పందం చేసుకున్నారు. ఓటు లేని మనుషుల లెక్క చూపించి యజమానుల రాష్ట్రాలు ఎక్కువ సీట్లు తీసుకున్నాయి. ఆ తగువు తీరలేదు, దాచిపెట్టారంతే. 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధంగా పేలింది.

రాజుని వదిలించుకున్నవాళ్లు కాబట్టి ఒకరి చేతిలో అధికారం పడకూడదని మూడు ముక్కలు చేశారు: అధ్యక్షుడు, కాంగ్రెస్ (ఆ రెండు సభలూ కలిపి), కోర్టులు. ఇక్కడ బ్రిటన్‌తో తేడా గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే ఎక్కువమంది జారేది ఇక్కడే. అధ్యక్షుడు కాంగ్రెస్‌ని రద్దు చెయ్యలేడు, కాంగ్రెస్ అధ్యక్షుణ్ని అవిశ్వాసం పెట్టి దించలేదు. అభిశంసన, అంటే ప్రతినిధుల సభ నేరం మోపి సెనేట్ విచారించడం, ఉందిగానీ దించడానికి సెనేట్‌లో మూడింట రెండొంతులు కావాలి. ఆండ్రూ జాన్సన్ 1868లో, క్లింటన్ 1998లో, ట్రంప్ 2019లోనూ 2021లోనూ ప్రతినిధుల సభలో అభిశంసనకి గురయ్యారు, సెనేట్‌లో ఒక్కరూ దోషిగా తేలలేదు. నిక్సన్ 1974లో అంతదాకా రానివ్వకుండా రాజీనామా చేశాడు. లండన్‌లో బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వమే పడిపోవచ్చు. వాషింగ్టన్‌లో ఖర్చుల బిల్లు కుదరకపోతే ప్రభుత్వం పడదు, ఆఫీసులు మూతపడతాయి. 2018 డిసెంబరులో మొదలైన మూత 35 రోజులు సాగింది, ఉద్యోగులు జీతాల్లేకుండా కూర్చున్నారు.

అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఎలక్టోరల్ కాలేజీ లెక్క ఒక్కసారి మీ చేత్తో వెయ్యండి: 435కి 100 కలపండి, రాజధాని వాషింగ్టన్‌కి 3 కలపండి, 538. గెలవడానికి 270. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకే ఆ రాష్ట్రం మొత్తం పోతుంది, మెయిన్, నెబ్రాస్కాలు తప్ప. అందుకే 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో బుష్ దేశానికి అధ్యక్షుడయ్యాడు, దేశం మొత్తం మీద అల్ గోర్‌కే ఎక్కువ ఓట్లు పడ్డా సరే.

చట్టం చెల్లదని చెప్పేది ఎవరు అన్న ప్రశ్నకి కుడి పేజీలో 1803, మార్బరీ కేసు. సుప్రీంకోర్టు తనకి ఆ అధికారం ఉందని తనే చెప్పింది. తొమ్మిది మంది జడ్జిలు, రిటైర్‌మెంట్ వయసు లేదు. ఎడమ పేజీలో: బ్రిటన్ కోర్టులు పార్లమెంటు చేసిన చట్టాన్ని కొట్టెయ్యలేవు, అసలు వాళ్ల సుప్రీంకోర్టు విడిగా మొదలైందే 2009లో. అడుగున మనం: రూపం లండన్‌ది తీసుకున్నాం, ఈ అధికారం మాత్రం వాషింగ్టన్ దారిలో కోర్టులకి ఇచ్చాం.

పదాల దగ్గర మోసపోకండి. అమెరికాలో గవర్నరంటే ఓట్లతో గెలిచిన మనిషి, మన ముఖ్యమంత్రి లాంటివాడు, మన దగ్గరి గవర్నరు లాంటివాడు కాదు. సెక్రటరీ అంటే ఐఏఎస్ అధికారి కాదు, రెండు దేశాల్లోనూ మంత్రి స్థాయి మనిషి. బ్రిటన్‌లో పబ్లిక్ స్కూలంటే ఈటన్ లాంటి ఖరీదైన ప్రైవేటు బడి, అమెరికాలో పబ్లిక్ స్కూలంటే ఫీజు లేని ప్రభుత్వ బడి. మన ఊళ్లలో ప్రైవేటు బడులకి ఆ పేరు ఏ దేశం నుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది. ఈ ఒక్క పదం తిరగేసి రాసి పరీక్షలో మొత్తం జవాబు పాడుచేసుకున్నవాళ్లని చూశాను.

చదువుల విషయంలో కూడా చెన్నై నుంచే మొదలుపెట్టొచ్చు, ఎగ్మూర్ దగ్గర. 1789లో అక్కడ సైనికుల అనాథ పిల్లల బడికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ పాద్రీ పెద్దగా ఉండేవాడు. ఉపాధ్యాయులు చాలరు. ఒకరోజు ఒక వీధిబడి దగ్గర పిల్లలు ఇసుకలో వేళ్లతో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. మన అమ్మమ్మల కాలం దాకా ఓనమాలు దిద్దించింది అలాగే కదా, పలకకన్నా ముందు ఇసుకే. ఆయన తన బడిలో అదే పెట్టాడు, పైగా కాస్త పెద్ద పిల్లాడు చిన్నవాళ్లకి నేర్పేలా ఏర్పాటు చేశాడు. 1797లో లండన్‌లో దాని గురించి చిన్న పుస్తకం వేశాడు. దాన్ని మద్రాసు పద్ధతి అన్నారు. పేద పిల్లల చదువుకి డబ్బు పెట్టడం ఇష్టం లేని ఆ రోజుల ఇంగ్లండ్‌కి ఒక్క టీచర్‌తో వందలమందికి నేర్పే మార్గం బాగా నచ్చింది, 1811 నుంచి చర్చి బడుల సంఘం దేశమంతా దీన్ని వాడింది. స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో బెల్ డబ్బుతో పెట్టిన బడి పేరు ఇప్పటికీ మద్రాస్ కాలేజీయే. మన వీధిబడి ఇసుక అంత దూరం వెళ్లిందని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత ఇంగ్లండ్ మెట్లు: 1870 చట్టంతో ఊరూరా ప్రాథమిక బడులు, 1944 చట్టంతో అందరికీ ఉచిత సెకండరీ చదువు. ఇప్పుడు 16 ఏళ్లకి మన పదో తరగతి లాంటి జీసీఎస్ఈ పరీక్ష, తర్వాత రెండేళ్లు మామూలుగా మూడు సబ్జెక్టులతో ఇంటర్ లాంటి ఎ-లెవెల్స్, డిగ్రీ మూడేళ్లు, మాస్టర్స్ ఏడాది. స్కాట్లండ్‌లో డిగ్రీ నాలుగేళ్లు, పరీక్షలూ వేరు. బ్రిటన్ అంతా ఒకటే పద్ధతి అని రాయకండి.

అమెరికాలో చదువు కేంద్ర ప్రభుత్వం చేతిలో లేదు. రాష్ట్రానిదీ, ఇంకా కింద స్కూల్ డిస్ట్రిక్ట్‌దీ. బడి డబ్బులో పెద్ద వాటా ఆ ఊరి ఇంటిపన్ను నుంచి వస్తుంది, అందుకే అక్కడున్న మనవాళ్లు ఇల్లు కొనేముందు "స్కూల్ డిస్ట్రిక్ట్ ఏది" అని అడుగుతారు. ఖరీదైన ఇళ్లున్న చోట మంచి బడి, లేనిచోట లేదు. అమెరికా అసమానతకి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు. యూనివర్సిటీల్లో 1862 చట్టం రాసుకోండి: అంతర్యుద్ధం మధ్యలో లింకన్ సంతకం పెట్టాడు, వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కాలేజీల కోసం రాష్ట్రాలకి భూమి ఇచ్చారు. మన పిల్లలు వెళ్లే పర్డ్యూ, ఒహాయో స్టేట్, టెక్సాస్ ఎ అండ్ ఎమ్ ఆ చట్టంతో ఎదిగినవే. ఇంకా వెనక్కి వెళ్తే హార్వర్డ్ 1636, యేల్ 1701. యేల్‌కి ఆ పేరు 1718లో వచ్చింది, మన మద్రాసు మాజీ గవర్నరు తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు పంపించాక. ఆ సరుకులో తూర్పు దేశపు బట్టలున్నాయి, వాటిని అమ్మిన డబ్బుతో కాలేజీ భవనం లేచింది. ఆయన మీద అవినీతి ఆరోపణలొచ్చి 1692లో పదవి పోయిందన్నది కూడా అదే పేజీలో రాయండి.

వెళ్లబోయేవాళ్లకి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. 1857లో పెట్టిన మద్రాసు యూనివర్సిటీ అప్పటి లండన్ యూనివర్సిటీ నమూనా, కాలేజీలు పాఠం చెప్తాయి, యూనివర్సిటీ పరీక్ష పెడుతుంది. ఎవరో తెలియనివాళ్లు పేపర్ దిద్దడం మనకి అలవాటైంది అలాగే. అమెరికాలో పాఠం చెప్పిన ప్రొఫెసరే ప్రశ్నలిస్తాడు, ఆయనే గ్రేడ్ వేస్తాడు, క్లాసులో మాట్లాడినదానికీ వారంవారం ఇచ్చినదానికీ మార్కులుంటాయి. చివరి నెలలో గైడు చదివి గట్టెక్కే దారి అక్కడ లేదు. మొదటి సెమిస్టర్‌లో మనవాళ్లకి వచ్చే టెన్షన్ చాలావరకు ఇదే.

చరిత్రలో ఆఖరున వదలకూడనిది మనం అక్కడికి ఎలా వెళ్లామన్నది. పెరంబూర్‌లో ఉండే మా పెద్దమ్మ ఓసారి అడిగింది, "మనవడు అక్కడే పుట్టాడుగా, పాస్‌పోర్టు వాళ్లదే ఎందుకిచ్చార్రా?" అని. "1868 నాటి సవరణ వల్ల పెద్దమ్మా" అన్నాను. "అంత పాతదా, అప్పటికి మనవాళ్లు ఎవరున్నారక్కడ?" అంది. దాదాపు ఎవరూ లేరు. అది బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లకి పౌరసత్వం ఎవరూ కాదనకుండా రాసిన పద్నాలుగో సవరణ, ఆ వాక్యం మీద ఈ మధ్య కూడా కోర్టుల్లో వాదనలు నడిచాయి. 1923లో భగత్ సింగ్ తిండ్ కేసులో భారతీయులు తెల్లవాళ్ల కిందికి రారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చింది, ఆ తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్లలో కొందరికి అది కూడా ఊడగొట్టారు. 1946లో ఏడాదికి వందమంది భారతీయుల్ని రానిస్తామన్నారు. వంద! ఆపైన 1954లో బడుల్లో జాతి విభజన చెల్లదని బ్రౌన్ కేసు తీర్పు, 1955లో మాంట్‌గొమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ముందుండి నడిపిన నల్లవాళ్ల బస్సుల బహిష్కారం, 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం. జాతిని బట్టి మనుషుల్ని లెక్కపెట్టడం తప్పు అని దేశం లోపల ఒప్పుకున్నాక సరిహద్దు దగ్గర మాత్రం ఎలా నిలుస్తుంది? అదే 1965లో పాత దేశాలవారీ కోటాలు పోయాయి, డాక్టర్లూ ఇంజనీర్లూ వెళ్లడం మొదలైంది. హెచ్-1బి ఉద్యోగ వీసా 1990 చట్టంతో వచ్చింది. కాబట్టి మార్టిన్ లూథర్ కింగ్ పాఠాన్ని వేరేవాళ్ల కథలా చదవకండి, డాలస్‌లో మన వీధులున్నాయంటే అందులో ఆ బస్సెక్కకుండా ఏడాదికి పైగా నడిచినవాళ్ల కాళ్ల నొప్పి ఉంది.

రోజువారీ సాధన ఎలాగంటే, పొద్దున గంట చదవండి, రాత్రి పావుగంటలో పుస్తకం చూడకుండా తగువుని తెలుగులో గట్టిగా చెప్పండి, ఇంట్లో ఎవరికైనా చెప్తే ఇంకా మంచిది. తెలుగులో కథ తిన్నగా వస్తే ఇంగ్లిష్‌లో జవాబు దానంతటదే వస్తుంది. అమెరికా రాజ్యాంగం అసలుది ఏడు అధికరణాలే, సవరణలు 27. ఒక మధ్యాహ్నం ఎగ్మూర్‌లో కన్నెమరా లైబ్రరీలో కూర్చుంటే మొత్తం చదివెయ్యొచ్చు, దాని మీద రాసిన గైడ్లకన్నా అదే తేలిక. బుధవారం సాయంత్రం బ్రిటన్ ప్రధానిని సభలో ప్రశ్నలడిగే అరగంట చూడండి, మన టైము ప్రకారం వాళ్ల ఎండాకాలంలో నాలుగున్నరకి, చలికాలంలో అయిదున్నరకి వస్తుంది. మొదటిసారి అరుపులు తప్ప ఏమీ అర్థం కాదు. నాలుగో వారానికి ఎవరు ఎటు కూర్చున్నారో, స్పీకర్ ఎవర్ని ఎందుకు ఆపుతున్నాడో తెలుస్తుంది.

ఆరో వారంలో మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. బ్రిటన్ పౌరసత్వానికి పెట్టే పరీక్షలో 45 నిమిషాల్లో 24 ప్రశ్నలు, 18 సరిగ్గా రావాలి. నమూనా ప్రశ్నలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అమెరికా పౌరసత్వ ప్రశ్నల జాబితా వాళ్ల ప్రభుత్వమే ఉచితంగా పెడుతుంది. తప్పుపోయిన ప్రతి ప్రశ్ననీ నోట్‌బుక్‌లో మీరు రాసిన అయిదింటిలో ఏ ప్రశ్న కిందికి వస్తుందో చూసి ఆ పేజీకి చేర్చండి. ఎక్కువ తప్పులు ఏ పేజీలో పడ్డాయో ఆ తగువుని మళ్లీ మొదటినుంచి చదవండి, మిగతా పేజీల జోలికి వెళ్లకండి.